గంట స్తంభం దగ్గర మోడల్స్ చేసే షాపు: కందకం ఇల్లు చేయించాం, మొసలితో సహా

ముందు రేటింగ్ చెప్పీస్తాను, కథ కావల్సినోళ్ళు తరవాత చదూకోండి. పనితనానికి 5కి 4. మాట మీద నిలబడ్డానికి 2, అదీ జాలి పడి. అక్కడ పనిచేసే పెద్దాయన ఒక్కడికే ఇవ్వమంటే 5కి 6 ఇచ్చినా తప్పులేదు. షాపు పేరు రాయట్లేదు, ఇందులో తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి, చిన్న షాపు, నడిపే కుర్రాడు లేజర్ మిషన్ కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదంట. విజయనగరం గంట స్తంభం నుంచి కోట వైపు వస్తుంటే ఒక సందులో మేడ మీద ఉంటాది, కింద టైలరు, మెట్లు నిట్రంగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు ఫోన్ చేస్తే కుర్రాడే కిందకి దిగొస్తాడు. ఫోన్ ఎత్తితే.

మా అమ్మాయి వైజాగ్‌లో ఆర్కిటెక్చర్ చదువుతోంది. వాళ్ళ సారు క్లాసులో చీటీలు తీయించారంట, ఒక్కొక్కరికి ఒక్కో పాతకాలం ఇల్లు, దాని మోడల్ పెట్టి దాని గురించి చెప్పాలి. ఒకడికి చెట్టినాడు ఇల్లు, ఇంకో పిల్లకి కేరళ నాలుకెట్టు, మాదానికి మాత్రం ఇంగ్లండుకీ వేల్స్‌కీ సరిహద్దులో చుట్టూ కందకం ఉన్న పాత భూస్వామి ఇల్లు వచ్చింది. రాత్రి పదింటికి ఫోను, ఒకటే ఏడుపు. నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను, శ్రీకాకుళం వైపూ ఇక్కడా కలిపి 31 ఏళ్ళు చెరువు గట్లూ తూములూ చూసినోణ్ణి, నీళ్ళు అన్న మాట వినపడేసరికి "నువ్వు ఊరుకోవే, ఆ మోడల్ సంగతి నేను చూస్తాను" అనీసాను. అనీసాక మరి చదవాలి గదా. డ్రాయింగులన్నీ తనే గీసింది, మోడల్ ఒక్కటే బయట చేయించుకోవచ్చంట, కాబట్టి ఎవరూ కామెంట్లలో నీతులు చెప్పొద్దు.

ఇల్లు పేరు లోయర్ బ్రాక్‌హాంప్టన్. హెర్ఫర్డ్‌షైర్‌లో బ్రామ్‌యార్డ్ అనే ఊరి దగ్గరుంది, 14వ శతాబ్దం చివర్లోనో 15 మొదట్లోనో కట్టిన కర్ర ఇల్లు, చుట్టూ కందకం, ఆ కందకం దాటే చోట బొమ్మలాంటి గేటు ఇల్లు ఒకటి, అది తరవాత 16వ శతాబ్దంలో కట్టింది. పక్కనే పాడుబడ్డ చిన్న చర్చి, అది ఇంటికన్నా ముందుది, 12వ శతాబ్దం నాటిది. 1946 నుంచి నేషనల్ ట్రస్ట్ అని పాత కట్టడాల్ని కాపాడే సంస్థ వాళ్ళు చూసుకుంటున్నారు.

సరే, డ్రాయింగులు పట్టుకుని షాపుకెళ్ళాను. రెండున్నర అడుగులు బై రెండడుగుల బోర్డు, 1:100 స్కేలు, ఇల్లు బల్సా అనే తేలిక కర్రతో, కింద ఎమ్‌డీఎఫ్ చెక్క. కుర్రాడు మంచోడే, మర్యాదస్తుడు, "సార్ సార్" అంటాడు. వాళ్ళకి మామూలుగా వచ్చే పనులు అపార్ట్‌మెంట్ వెంచర్ల మోడల్సు, స్కూలు పిల్లలకి అగ్నిపర్వతాలూ సౌర కుటుంబాలూ, అప్పుడప్పుడు గుళ్ళ నమూనాలు. 7,500 అన్నాడు, 8 రోజులన్నాడు, 3,000 అడ్వాన్సు ఇచ్చాను. "చుట్టూ కందకం ఉంటాది బాబూ, అదే ముఖ్యం" అంటే కిటికీలోంచి కోట వైపు చెయ్యి చూపించి "మాకు తెలీదేటండీ కందకం, కోట పక్కనే పుట్టినోళ్ళం" అన్నాడు. అక్కడే నేను ఆగి ఆలోచించాల్సింది.

8 రోజులు కాస్తా 11 అయ్యాక వెళ్ళి చూస్తే, ఇల్లు బానే ఉంది, కందకం దగ్గరే కొంప మునిగింది. ఇంటి చుట్టూ నిట్టనిలువు గోడల్తో కాలవ, ఆ గోడలకి రాళ్ళు పేర్చినట్టు థర్మోకోల్ ముక్కలు, అడుగున స్విమ్మింగ్‌పూల్‌లాగ నీలం యాక్రిలిక్ షీటు, నాలుగు మూలలా బురుజులు, డ్రాయింగులో లేని బురుజులు! ఇంకా అయిపోలేదు, ఆ నీలం షీటు మీద ఒక ప్లాస్టిక్ మొసలి, ఆకుపచ్చది, నోరు తెరుచుకుని. పిల్లల బొమ్మల సెట్టులోది, ఫెవిక్విక్ వేసి మరీ అంటించాడు. ఇదేటి నాయనా అంటే "మొసలి లేకపోతే కందకం ఏటండీ సార్, అది కాంప్లిమెంటు, దానికి డబ్బులు వెయ్యలేదు" అన్నాడు. నాకు కోపం రావాలి గాని నవ్వొచ్చింది. చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పిన కథల్లో కూడా కోట అంటే అగడ్త, అగడ్త అంటే మొసళ్ళే గదా, కుర్రాడి తప్పేటుంది.

కానీ తప్పు తప్పే. అక్కడే స్టూలు మీద కూలబడి మొదలెట్టాను. మన కోట 1713లో కట్టింది, రాతి గోడ, మూలల్లో బురుజులు, శత్రువు వస్తాడని తెలిసి కట్టింది. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగిన నేల మనది, కందకం అంటే మనకి ఫిరంగీలూ ముట్టడీ గుర్తొస్తాయి. ఆ సరిహద్దు జిల్లాల్లో ఈ ఇళ్ళ కందకాలు వేరే జాతి. ఇంగ్లండు మొత్తం మీద ఇలాంటివి 6,000 దాకా లెక్కతేలాయి, చాలామటుకు 1250కీ 1350కీ మధ్య తవ్వినవి, మా ఇల్లు ఆ లెక్కన కాస్త లేటు బ్యాచ్. యుద్ధానికే అయితే అన్నేల మంది ఎందుకు తవ్వుతారు? పెద్ద పెద్ద ప్రభువుల కోటలకి కందకం ఉంటే, చూసి కింది భూస్వామి తవ్వించాడు, ఆయన్ని చూసి నాలుగు ఎకరాలు ఎక్కువున్న రైతు కూడా తవ్వించాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. గోడ పైన కోటకున్నట్టు రంపం పళ్ళలాంటి ఎత్తుపల్లాలు పెట్టుకోడానికి రాజుగారి దగ్గర లైసెన్సులు తెచ్చుకునేవాళ్ళు ఆ రోజుల్లో, గుంట తవ్వుకోడానికి ఆ బాధ లేదు, కూలోళ్ళు ఉంటే చాలు.

కుర్రాడు "మరి సరిహద్దు అన్నారు గదా సార్, గొడవలుండవా" అన్నాడు. మంచి ప్రశ్న. ఉన్నాయి. రాత్రిపూట పశువుల్ని తోలుకుపోయే దొంగలకి కందకం అడ్డమే, పక్కూళ్ళో మంటలంటుకుంటే పక్కనే నీళ్ళున్నట్టూ ఉంటాది. కానీ సైన్యం వస్తే ఆగదు. దానికి నేను చెప్పిన ఉదాహరణ సైఖార్త్. వేల్స్ నాయకుడు ఒవైన్ గ్లిన్‌డూర్ సొంతిల్లు, సరిహద్దుకి బాగా దగ్గర, మట్టి దిబ్బ మీద కర్ర మేడ, చుట్టూ నీళ్ళు. యోలో గోఖ్ అని ఆయన కవి ఒకడు, మన సంస్థానం కవులు రాజుగారి తోటల్ని పొగిడినట్టే ఆ ఇంటిని పొగుడుతూ పద్యం చెప్పాడు, కందకం, వంతెన, చేపల చెరువు, మర, పావురాల గూడు, పళ్ళతోట, అన్నీ లెక్కెట్టి మరీ. ఆ కవి కందకాన్ని చూసి ఇంత లోతు, ఇంత గట్టి అని చెప్పలేదు చూడండి, అందంగా ఉందనీ వచ్చినోడికి తలుపు తీసే ఉంటుందనీ చెప్పాడు. 1403లో ఇంగ్లండు యువరాజు హెన్రీ, తరవాత ఐదో హెన్రీ అయినాయన, వచ్చి ఆ ఇంటిని తగలబెట్టీసాడు. కందకం చూస్తూ ఊరుకుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్టోక్‌సే క్యాజిల్ కథ. అది ష్రాప్‌షైర్‌లో ఉంది. పేరుకి క్యాజిల్, కట్టింది రాజు కాదు, లారెన్స్ ఆఫ్ లడ్లో అని ఉన్ని వ్యాపారి, మన భాషలో షావుకారు. 1281లో స్థలం కొన్నాడు, 1291లో ఎడ్వర్డ్ రాజు దగ్గర కోటలాగ కట్టుకోడానికి లైసెన్సు సంపాదించాడు. గమనించండి, ఆ రాజే 1282-83లో వేల్స్‌ని జయించీసాడు, అంటే లైసెన్సు చేతికొచ్చేనాటికి భయం కాస్త తగ్గింది. బురుజులున్నాయి, కందకం ఉంది, ఇప్పుడు ఎండిపోయింది అనుకోండి, కానీ హాలుకి చూస్తే ఇంతింత కిటికీలు. నిజంగా బాణాలకి భయపడ్డోడు అంతంత కిటికీలు పెడతాడేటి? 1294లో ఆ షావుకారు ఉన్ని ఓడతో పాటు సముద్రంలో మునిగి పోయాడు. ఇంటి చుట్టూ నీళ్ళు తవ్వించుకున్నోడు చివరికి నీళ్ళలోనే.

ఇదంతా చెప్తుంటే మూల కూర్చుని చెక్క చిత్రిక పడుతున్న పెద్దాయన మొదటిసారి నోరు తెరిచాడు. ఆయన మామూలు వడ్రంగి, ఊరు చీపురుపల్లి అవతల, షాపులో సన్నపని అంతా ఆయనదే. "అయితే బాబుగారూ, గుంట తీసిన మట్టి ఏం జేసేవోరు?" అన్నాడు.

అదీ ప్రశ్న అంటే. 31 ఏళ్ళలో ఎంతమంది ఇంజినీర్లు నన్ను అలాంటి ప్రశ్న అడిగారో వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. చాలాచోట్ల ఆ మట్టిని మధ్యలోకే పోసి ఇంటి స్థలాన్ని మెరక చేసుకునేవాళ్ళు అన్నాను. ఆయన చిత్రిక పక్కన పెట్టి "మా వూళ్ళో అలగే గదండీ, పల్లంలో ఇల్లు కట్టాలంటే పక్కన గుంట తీసి ఆ మట్టితోనే పునాది లేపుతాం, గుంటలో చేపలు పడతాయి, గేదెలు పడుకుంటాయి, వానొచ్చినా ఇంట్లోకి నీళ్ళు రావు" అన్నాడు. అంతే! నేను వారం రోజులు రాత్రుళ్ళు కూచుని చదివింది ఆయన రెండు ముక్కల్లో తేల్చీసాడు. ఈ కందకాలు ఎక్కువగా బంకమట్టి నేలల్లో ఉంటాయి, బంకమట్టిలో ఇల్లు చెమ్మ, చుట్టూ గుంట తవ్వితే ఇంటి నేల ఆరతాది, మట్టి నీళ్ళని పట్టి ఉంచుతాది కాబట్టి గుంట ఎండదు. చేపలు కూడా ఊరికే సరదాకి కాదు, ఆ రోజుల్లో వాళ్ళకి శుక్రవారాలూ ఈస్టరు ముందు 40 రోజులూ మాంసం నిషేధం, కాబట్టి బ్రీమ్, పైక్, ఈల్ లాంటివి పెరట్లోనే పెంచుకునేవాళ్ళు. కొన్నిచోట్ల మరుగుదొడ్డి కూడా అందులోకే పోయేదంట, ఆ చేపల సంగతి నన్నడక్కండి.

ఇల్లు పడిపోయినా గుంట మిగుల్తాదా అని కూడా అడిగాడాయన. మిగుల్తాది. మన్‌మత్‌షైర్‌లో హెన్ గూర్ట్ అని ఉంది, వేల్స్ భాషలో పాత దివాణం అని అర్థం, ఒకప్పుడు లాండాఫ్ బిషప్పుల ఎస్టేటు. ఇప్పుడు చుట్టూ నీళ్ళు, మధ్యలో గడ్డి, అంతే. "పాత దివాణం దిబ్బ" అన్నాడు పెద్దాయన తలూపి. అలాంటి దిబ్బలు మన దగ్గర ఎన్నో, ఊరికొకటి.

అక్కణ్ణుంచి పని మారిపోయింది. నేను కాగితం తీసుకుని సెక్షన్, అంటే అడ్డంగా కోస్తే లోపల ఎలగుంటాదో ఆ బొమ్మ, గీసిచ్చాను. నిలువు గోడలు తీసీమన్నాను, రాతికట్టు లేని బంకమట్టిని అలగ కోస్తే మొదటి వానకే జారిపోతాది, రెండు పక్కలా వాలు ఉండాలి, అడుగు కాస్త చదునుగా ఉండాలి. వెడల్పు తగ్గించాలని చూశాడు కుర్రాడు, బోర్డు మీద చోటు కలిసొస్తాదని, చెషైర్‌లో లిటిల్ మోర్టన్ హాల్ అనే ఇంటి కందకమే 10 మీటర్లుంది, 1:100లో 10 సెంటీమీటర్లు, దానితో పోల్చి చూస్కో మరీ పిల్లకాలవలాగ చెయ్యకు అన్నాను. నీళ్ళు లోపలికొచ్చే పిల్లకాలవ ఒక మూల, బయటికి పోయే తూము ఇంకో మూల, డ్రాయింగులో ఉన్నచోట. మొదటిసారి ఈ రెండూ వదిలీసారు, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో ఎటు పోతాయో తెలీని చెరువుని చూస్తే నాకు నిద్ర పట్టదు.

నీళ్ళు రెజిన్‌తో, అంటే పోశాక గాజులాగ గట్టిపడే జిగురుతో, పోశారు. దీన్ని మాత్రం నేను దగ్గరుండి చూశాను, రెండు మధ్యాహ్నాలు. కుర్రాడు మొదట నీలం రంగు కలపబోయాడు, పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపి, టీ డికాషన్ రంగులో కాస్త పచ్చ కలిపి గాజు గ్లాసులో వేసి వెల్తురుకి పెట్టి చూశాడు, "కార్తీకమాసంలో చెరువు నీళ్ళలా ఉండాల" అన్నాడు. ఒకేసారి పొయ్యకూడదంట, పొరలు పొరలుగా, ఒక పొర గట్టిపడ్డాక ఇంకోటి. బుడగలొస్తే లైటరు మంట పైపైన తిప్పుతాడు, టప్ టప్‌మని పగిలిపోతాయి. ఒడ్డున రంపపుపొట్టుకి పచ్చరంగు పట్టించి నాచులాగ చల్లాడు. చివరి పొర ఆరాక గేటు ఇల్లు నీడ అందులో కనపడింది, మా అమ్మాయికి వీడియో కాల్ చేసి చూపిస్తే మాట్లాడలేదు కాసేపు.

గేటు ఇల్లు గురించి ఇంకో ముక్క. కింద అంతస్తు కన్నా మేడ ముందుకి తోసుకొచ్చి ఉంటాది, పైగా మొత్తం కాస్త వంకర. ఓక్ కర్రని పచ్చిగా ఉన్నప్పుడే కోసి బిగించేవాళ్ళు ఆ కాలంలో, ఆరేకొద్దీ అది మెలి తిరుగుతాది. లేజర్ మిషనుకి వంకర అంటే తెలీదు గదా, తిన్నగా కోసిచ్చింది, గేటు ఇల్లు బస్‌షెల్టరులా తయారైంది. పెద్దాయన ఆ ముక్కల్ని ఊడదీసి, పుల్లల్ని వేణ్ణీళ్ళలో నానబెట్టి, దారంతో కట్టి రాత్రంతా ఉంచి పొద్దున్న బిగించాడు. వంకర వచ్చింది. ఎంత వంకరో అంతే వచ్చింది, ఎక్కువ కాలేదు. కర్రల మధ్య గోడ తడిక అల్లి మట్టి మెత్తిందే అని చెప్తే "మన తడిక గోడే" అని నవ్వాడు. కర్రలకి నల్లరంగు కొట్టబోతే నేనొద్దన్నాను, ఇంగ్లండులో ఈ కర్ర ఇళ్ళకి ఆ తారు నలుపు చాలామటుకు విక్టోరియా రాణి కాలం ఫ్యాషన్, అంతకుముందు ఓక్ దాని బూడిద రంగులోనే ఉండేది. దీని మీద మా అమ్మాయికీ నాకూ గొడవైంది, ఫొటోల్లో ఎలగుందో అలగే కావాలంది, చివరికి ఇల్లు నలుపు గేటు బూడిద రంగు అని రాజీ పడ్డాం, అది చూట్టానికి అంత బాలేదు, తప్పు మాది, షాపుది కాదు.

ఇక తిట్లు. 8 రోజులన్నది 17 అయ్యింది. మధ్యలో 4 రోజులు ఫోన్ ఎత్తలేదు, తీరా మెట్లెక్కి వెళ్తే పక్కన వెంచర్ మోడల్ చేస్తున్నారు, పెద్ద ఆర్డరు వచ్చిందని మాది పక్కనెట్టీసారు, అదేదో చెప్తే సరిపోను గదా, "రేపు సార్" అనే మాట నేను 31 ఏళ్ళు కాంట్రాక్టర్ల దగ్గర విన్నాను, ఇంక చాలు. రెజిన్‌కి ఎక్కువైందని 9,200 అడిగాడు, మొదట తప్పు చేసింది మీరు, ఆ నీలం షీటు డబ్బులు నేనెందుకివ్వాలి అని బేరమాడితే 8,500కి దిగాడు. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద రాసిచ్చాడు. ప్యాకింగ్ అయితే ఘోరం, అట్టపెట్టె కూడా లేదు, పాత ఫ్లెక్సీ చుట్టి ఇచ్చారు, ఆ ఫ్లెక్సీ మీద ఎవరివో పుట్టినరోజు శుభాకాంక్షలు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని వైజాగ్ దాకా ఆర్టీసీ బస్సులో కూర్చున్నాను, పక్కనావిడ "ఏటండి అది, గుడి నమూనానా" అని మూడుసార్లు అడిగింది, ఆనందపురం దగ్గర బ్రేకు కొట్టేసరికి పొగగొట్టం ఊడిపోయింది. జేబులో ఫెవిక్విక్ పెట్టుకెళ్ళాను కాబట్టి సరిపోయింది. మీరూ పెట్టుకెళ్ళండి.

కాలేజీలో వాళ్ళ సారు వంగి చూసి మొట్టమొదట అడిగింది ఇల్లు గురించి కాదంట, "ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అని. మా అమ్మాయి పిల్లకాలవ వైపు వేలు పెట్టి చూపించి, తూము కూడా చూపించి, మట్టి మెరక సంగతీ చెప్పింది, పెద్దాయన చెప్పిన గేదెల ముక్క కూడా కలిపీసిందంట, క్లాసంతా నవ్వారు. 50కి 43 వచ్చాయి. ఆ 7 మార్కులు రంగు దగ్గర పోయాయని నా అనుమానం.

ఆర్డరు ఇచ్చేవాళ్ళకి ఒకే మాట, ఏ మోడల్ అయినా సెక్షన్ మీరే గీసి పట్టుకెళ్ళండి, నోటితో చెప్తే కుర్రాడు తనకి తెలిసిన దాన్ని చేసీస్తాడు. పని పెద్దాయన చేతికి వెళ్తుందో లేదో ముందే అడగండి, ఆయన సోమవారాలు రాడు. దసరా నుంచి సిరిమాను అయ్యేదాకా అసలు ఆ సందులోకి వెళ్ళొద్దు, బండి పెట్టడానికి చోటుండదు, వాళ్ళూ పని ముట్టుకోరు. మొసలి మాత్రం ఫెవిక్విక్ దెబ్బకి నీలం షీటు నుంచి ఊడి రాలేదు, షీటుతో పాటే కోసి నాకిచ్చీసారు, మా మనవడు దాన్ని నీళ్ళ బకెట్లో తేలుస్తున్నాడు.